తెరిచిన కళ్ల కింద

వాడి కళ్లు తెరిచి ఉన్నాయి గనక వాడికి ఏ జబ్బూ లేదంటావా, వకీలూ? బుగ్గలు ఎర్రగా ఉన్నాయి గనక విషం తాగలేదంటావా?

ఖర్బూజా తోటల యజమానులారా, మీరు డబ్బిచ్చి తెచ్చుకున్న ఆ నల్లకోటు మనిషి చర్చి హాల్లో, ఊరందరి ముందు, ఒక కార్డు పైకెత్తి “ఈ బిడ్డ ఎంత ఆరోగ్యంగా ఉన్నాడో చూడండి” అన్నాడే, ఆ కార్డు ఏమిటో మీకు తెలియదా? చచ్చిపోయిన పసిబిడ్డను పెట్టెలో పెట్టి ఫోటో తీయించడం, కళ్లు తెరిపించి, బుగ్గలకు రంగు వేయించి గోడకు తగిలించుకోవడం ఈ ఎండు నేలల్లో మీ అమ్మమ్మలు కూడా చేసిన పనే. మీకు తెలుసు. తెలిసే ఎత్తించారు.

ఆ కార్డు దామియావ్‌ది. వాడి మొదటి సంవత్సరీకం ప్రార్థనకు వచ్చినవాళ్లందరికీ తండ్రి జెనివాల్ పంచిన కార్డు. ఎవరి బల్లమీదో మిగిలిపోయినదాన్ని వకీలు ఏరుకున్నాడు.

“అది నా చేతిపని. బిడ్డ పోయాక నేను తెరిచిన కళ్లు అవి” అని జసీరా లేచి నిలబడింది. బర్రేరో ఊళ్లో ఫోటో దుకాణం ఆమెదే, ఇంటి ముందు గదిలోనే. జెనివాల్‌కి స్వయానా అక్క.

“అంటే మీరు దొంగ ఫోటోలు చేస్తారన్నమాట” అన్నాడు వకీలు. తోటల కంపెనీ వాళ్లు కూర్చున్న వరసలో నవ్వులు.

పిల్లల చావులమీద విచారణకు వచ్చిన అధికారి, ఆ పెద్దావిడ మాత్రం నవ్వలేదు. “అసలు ఫోటో ఉందా అమ్మా?” అని అడిగింది.

“ఉంది.”

“రేపు తీసుకురండి. తల్లి ఒప్పుకుంటేనే.”

ఆ “ఉంది” అన్న మాటతోనే ఇల్లు రెండు ముక్కలైంది.

దామియావ్ తల్లి లిందౌరా వెనక బల్లమీద కూర్చుని ఆ మాట విన్నది. ఎవరితోనూ మాట్లాడకుండా ఎండలో నడిచి, బిడ్డ పోయాక తామంతా కలిసి ఉంటున్న జసీరా ఇంటికి వచ్చింది. గోడమీది పటం తీసుకుని గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

*

“తలుపు తియ్యమ్మా లిందౌరా. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు నువ్వు.”

“నీళ్ల మాట నాకు చెప్పకు వదినా.”

జసీరా నాలిక కరుచుకుంది. తలుపుకి ఇవతల నేలమీద కూలబడింది.

“ఆ రోజు నాతో ఏమన్నావు నువ్వు? కళ్లు తెరిచేశానన్నావు.”

“తెరిచాను.”

“మూసిన కళ్లు కూడా నీ దగ్గరే ఉన్నాయట కదా. అందరిముందూ చెప్పావు. ఇన్నాళ్లూ వాడు గోడమీంచి నన్ను చూస్తున్నాడనుకున్నా. పొద్దున్నే లేచి వాడితో మాట్లాడేదాన్ని. ఇవాళ ఏం వండనురా అని అడిగేదాన్ని. వాడేమో నీ కంప్యూటర్లో ఇంకా చచ్చే ఉన్నాడన్నమాట!”

 జసీరా పని నేర్చుకున్న తీరే అది. కెమెరా చూసినదాన్ని ముట్టుకోదు. ఎక్కడ రంగు వెయ్యాలి, ఎక్కడ నీడ తియ్యాలి, ఏ మూల కత్తిరించాలి అనే మాటలు మాత్రం ఫోటో కడుపులో రాసి దాస్తుంది. తెరిచిన ప్రతిసారీ ఫోటో ఆ రాత చదువుకుని కొత్త ముస్తాబుతో కనిపిస్తుంది. రాత తీసేస్తే పాత ముఖం పాతలాగే ఉంటుంది. పేరు, చనిపోయిన రోజు, ఎవరి ఇల్లు, చుట్టూ ఏమేం ఉన్నాయి, అవీ అక్కడే రాస్తుంది. వెతికితే దొరకాలని.

జెనివాల్ కార్డు కోసం ముస్తాబు పూర్తయిన బొమ్మను మాత్రం ఫోన్‌లో అచ్చాఫీసుకి పంపాడు. దారిలో ఆ రాతంతా రాలిపోయింది. పైతోలు ఒక్కటే వెళ్లింది. పేరు లేదు, చావు లేదు. నవ్వబోతున్న ఎర్రబుగ్గల బిడ్డ మిగిలాడు. వకీలు చేతికి చిక్కింది ఆ తోలే.

“ఎలా తెరిచావు వదినా?” లోపలినుంచి గొంతు మారింది. “వాడి కళ్లు నువ్వెప్పుడూ సరిగ్గా చూడను కూడా లేదు. మేం తోట పక్క గుడిసెలో ఉండేవాళ్లం. నువ్వొచ్చింది జ్ఞానస్నానానికి ఒక్కసారి. అప్పుడూ నిద్రపోతూనే ఉన్నాడు.”

“నీ కళ్లు చూసి వేశాను.”



“నా కళ్లా?”

“నల్లగుడ్డుకి కొన్ని గీతలు. తెల్లమెరుపుకి ఒక చుక్క. ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అంకెల్లో ఉంటుంది.”

“నా కొడుకు కళ్లు అంకెలా?”

 కొన్ని మాటలకు జవాబు ఇవ్వడం తప్పు.

*

అప్పుడే జెనివాల్ వచ్చాడు. ఒంటిమీద తోట చొక్కానే ఉంది. తోటలో ట్రాక్టర్ నడుపుతాడు. బిడ్డ పోయాక కూడా మానలేదు. ఎందుకు మానలేదని అడిగేవాళ్లకు ఒకటే చెప్పాలి. ఈ చుట్టుపక్కల పని అంటే ఆ తోట ఒక్కటే. మిగతాదంతా ముళ్లూ మేకలూ.

“అక్కా, రా దుకాణంలోకి.”

“ఏం?” అంటూ జసీరా లేచి వచ్చింది.

“తోట మేస్త్రీ ఆపి అడిగాడు, మీ అక్క రేపేం పట్టుకొస్తోంది అని.”

“ఏమన్నావు?”

“తెలీదన్నా. నువ్వు ఒక పని చెయ్యి. కళ్లు తెరిచిన బొమ్మను అసలుదానిమీదే ఎక్కించి సేవ్ చేసెయ్. కిందది పోతుంది. అడిగితే చెడిపోయిందని చెబుదాం.”

దుకాణం మూలన కట్టిన ఉయ్యాల గుడ్డలో పడుకుని ఉన్న ముసలి ఇజిదోరో తల పైకెత్తాడు. ఈయన వాళ్ల నాన్న. ఒకప్పుడు గాడిదమీద ఊరూరా తిరిగి, జనం దాచుకున్న చిన్న ఫోటోలు తెచ్చి, పెద్దవి చేసి రంగులు వేసిన మనిషి. ఇప్పుడు కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటాడు.

“ఏరా, ఏమన్నావ్?”

“నాన్నా, నువ్వు ఊరుకో.”

“ఊరుకోను. మళ్లీ అను.”

“లిందౌరా వాణ్ని ఆ అవతారంలో చూస్తే బతుకుతుందా? మీరే చెప్పండి! పెళ్లాం కోసం అడుగుతున్నా. పోయినవాడు పోయాడు. తెరిచిన కళ్లే ఉండనీండి.”

“పెళ్లాం కోసమేనా?” అంది జసీరా.

“ఇంకెవరికోసం?”

“ఆ చొక్కా కోసం.”

జెనివాల్ ముఖం మాడిపోయింది. “నువ్వు తింటున్న కూరలో ఉప్పు ఈ చొక్కాదే అక్కా. నీ దుకాణానికి గిరాకీ లేక ఎన్నేళ్లయింది? శవాలకు కళ్లు తెరిచి ఎంతమందిని పోషించావు?”

“నేనెవర్నీ పోషించలేదు. ఎవర్నీ చెరిపెయ్యనూ లేదు. ఇక ముందూ చెరపను.”

అతను బల్లమీద ఫోటోలున్న డిస్కు లాక్కోబోయాడు. జసీరా రెండు చేతులూ దానిమీద వేసి వంగిపోయింది. తమ్ముడు భుజం పట్టి లాగుతున్నాడు. అక్క కదలడం లేదు. చిన్నప్పుడు బెల్లం ముక్క కోసం ఇలాగే కొట్టుకునేవాళ్లు.

గడియ తీసిన చప్పుడైంది.

*

లిందౌరా గుమ్మంలో నిలబడి ఉంది. పటాన్ని చంకలో బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. జెనివాల్ చేతులు వాటంతటవే జారిపోయాయి.

ఆమె మొగుడివైపు చూడలేదు. ముసలాయన దగ్గరికి పోయి నేలమీద కూర్చుంది.

“మావయ్యా, మీరు బోలెడుమంది పిల్లలకు కళ్లు తెరిచారు కదా. ఆ తల్లులెవరైనా మూసిన కళ్లు మళ్లీ చూపించమని అడిగారా?”

“అడిగినా చూపించడానికి ఏముండేదమ్మా? మేం కాయితంమీదే వేసేవాళ్లం. గోకేవాళ్లం, పూసేవాళ్లం. కిందది కిందే పోయేది.”

“అదే మంచిది కదా మరి?”

 ముసలాయన ఉయ్యాల అంచు పట్టుకుని లేచి కూర్చున్నాడు. “జసీరా కంటే ముందు మాకొక పిల్ల పుట్టి పోయింది. సొకోరో. మీ అత్త ఏడుస్తోందని దాని ఫోటోకి నేనే రంగులేశా. చెవులకు కమ్మలు వేశా, పట్టు గౌను వేశా. బ్రహ్మాండంగా కుదిరింది. ఊరంతా మెచ్చుకుంది.”

“తర్వాత?”

“తర్వాతేముంది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు ఆ బొమ్మే కనిపిస్తుంది. నా పిల్ల కనపడదు. ముక్కు ఎలా ఉండేదో గుర్తుకు రాదు. నా చేత్తో నేనే కప్పేశానే లిందౌరా.”

బయట ఎవరి మేకో దడిని కొరుకుతోంది. 

లిందౌరా లేచింది.

“తియ్యి వదినా. చూస్తాను.”

“వద్దు!” అన్నాడు జెనివాల్.

“నువ్వెందుకు వద్దంటున్నావు?”

“నువ్వు తట్టుకోలేవు.”

“కన్నది నేను, కడిగింది నేను, పెట్టెలో పెట్టింది నేను. తట్టుకోలేనా?” ఆమె కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. “కళ్లు మాత్రం ఆఖర్న తియ్యి.”

*

జసీరా ఒక్కొక్కటే విప్పింది.

ముందు బుగ్గల ఎరుపు పోయింది. చర్మం బూడిదరంగుకు తిరిగింది. లిందౌరా చేయి తన బుగ్గమీదికి పోయింది.

తర్వాత పెదాలు. అంచులకు నీలం. మెడకింద దద్దుర్లు. అవే, ఆ చివరి వారం ఆమె రాత్రీ పగలూ తడిగుడ్డతో ఒత్తినవి. పొద్దున విచారణలో ఆమె చెబితే వకీలు లేనే లేవన్నవి.

“ఉన్నాయి” అంది లిందౌరా. “అబద్ధం చెప్పలేదు నేను. ఉన్నాయి.”

“ఉన్నాయమ్మా.”

“ఇంకా?”

“నువ్వు చుట్టూ పువ్వులు కావాలన్నావు. అందుకని గుడిసె గోడ, సామాన్లూ కత్తిరించాను. అది విప్పనా?”

“అక్కా, చాలు. దద్దుర్లు కనపడ్డాయి కదా, అంతవరకూ తీసుకుపో!” జెనివాల్ తెరకు అడ్డం వచ్చాడు.

లిందౌరా తల తిప్పి ఈసారి అతనివైపు చూసింది. చూస్తూనే అంది. “విప్పు వదినా.”

బొమ్మ వెడల్పయింది. పువ్వులు పోయాయి. మట్టిగోడ వచ్చింది. స్టూలుమీద పెట్టె, పెట్టె కింద అంచుకు లేసు అల్లిన తెల్లగుడ్డ. గోడవార పొయ్యి. పొయ్యి పక్కన నీలం డ్రమ్ము.

డ్రమ్ముమీద కాయితం. కాయితంమీద పుర్రె.

ఆ బొమ్మ ఏమిటో ఇక్కడ చెప్పక్కర్లేదు. తోటలో పురుగుమందు డ్రమ్ములమీద ఉండే బొమ్మ. సావ్ జువావ్ పండుగనాడు నెగళ్ల దగ్గర, నీళ్లు పట్టుకోండర్రా అని కంపెనీవాళ్లు కూలీలకు బహుమానంగా పంచిన డ్రమ్ములు. వానే లేని నేలలో నీళ్లు నిలవ చేసుకునే పాత్ర ఇస్తానంటే ఎవడు కాదంటాడు? పిల్లలు రాలిపోవడం మొదలై, విచారణ అనే మాట వినపడగానే లారీ తెచ్చి అన్నింటినీ ఏరుకుపోయారు. ఇవాళేమో అసలు ఇవ్వనే లేదంటున్నారు.

లిందౌరా కూడా పొద్దున విచారణలో నిలబడి, “మాది పళ్లరసం డ్రమ్ము, కంపెనీది కాదు, మా ఆయన వేరేచోట తెచ్చాడు, ట్యాంకర్ నీళ్లవల్లే నా బిడ్డ పోయాడు” అని చెప్పి వచ్చింది. మొగుడిమీద నమ్మకంతో చెప్పింది.

“పళ్లరసం” అంది ఇప్పుడు.

జెనివాల్ గోడకు ఆనుకున్నాడు.

“పళ్లరసం డ్రమ్మన్నావు నాతో. కడిగే తెచ్చానన్నావు.”

“కడిగాను. ఒట్టు. లోపలంతా ఇసకతో తోమాను, సబ్బుతో తోమాను. మేస్త్రీ కూడా ఏం కాదన్నాడు. నువ్వు మొహం చిట్లిస్తావని పళ్లరసం అన్నా.”

“పెట్టె కిందున్న ఆ లేసుగుడ్డ మొదట డ్రమ్ముకి ఎందుకు కట్టావు?”

“బాగుంటుందని...”

“పుర్రె కనపడకుండా.”

అతను అవునని తల ఊపాడు.

“ఆ గుడ్డ నేనే లాగాను” అంది లిందౌరా. గొంతులో ఏడుపు లేదు. అదే భయంగా ఉంది. “పెట్టె కింద పరవడానికి తెల్లగుడ్డ ఏదీ లేదని డ్రమ్ముకున్నది లాగాను. కళ్లనిండా నీళ్లు. డ్రమ్మువైపు చూడనే లేదు. వాడి పాలపొడి అందులోంచే కలిపేదాన్ని వదినా. మరిగించి కలిపేదాన్ని. మరిగిస్తే మంచిదని నర్సు చెప్పిందని మరిగించి, చల్లార్చి, నా చేత్తో...”

జసీరా ఆమె తల తన పొట్టకేసి అదుముకుంది.

“నువ్వు చూశావా వదినా? ఆ డ్రమ్ము?”

“చూశాను. అందరి ఇళ్లలోనూ ఉండేదే కదా. చూసినా చూడనట్టే. ఫోటోలో ఏమేం ఉన్నాయో రాసినప్పుడు అదీ రాశాను.”

“అందరి ఇళ్లలో” అంది లిందౌరా. తల ఎత్తింది. “వెతుకు.”

“ఏంటి?”

“వెతికితే దొరకాలనే రాస్తానంటావుగా. ఆ డ్రమ్ము పేరు పెట్టి వెతుకు.”

జసీరా “నీలం డ్రమ్ము” అని కొట్టింది.

ఒక్కొక్కటే వచ్చాయి. చిన్న పెట్టెలు. పువ్వులు, లేసు టోపీలు, తెరిచిన కళ్లు. తెరమీద ఒక వరస నిండింది, ఇంకో వరస మొదలైంది. అందరూ బుగ్గలు ఎర్రగా, అందరూ జసీరా వేసిన కళ్లతో నలుగురినీ చూస్తున్నారు. ప్రతి పిల్లాడి వెనకా, కత్తిరించిన అంచుకి అవతల, ఆ డ్రమ్ము.

ఉయ్యాలలోంచి ముసలాయన మూలిగాడు. జసీరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ రాత రాసింది తనే. ఒక్కసారి కూడా ఇలా వెతకలేదు.

“వీళ్లవి విప్పకు” అంది లిందౌరా. “ఒక్కటి కూడా. ప్రతి తల్లి ఇంటికీ పోయి అడుగుదాం. నన్ను అడిగినట్టు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని విప్పమంటేనే విప్పు.”

“సరే.”

“నావాడివి తియ్యి ఇప్పుడు.”

“కళ్లా?”

“కళ్లు.”

జసీరా మీటమీద వేలు పెట్టింది. నొక్కింది.

దామియావ్ కళ్లు మూసుకున్నాడు.

తల్లి తెరకు దగ్గరగా వంగింది. చాలాసేపు చూసింది. వేలితో ఆ రెప్పలమీద మెల్లగా రాసింది, నిద్రపుచ్చుతున్నట్టు.

“వీడే” అంది. “వీడు నావాడు.”

తర్వాత ఒడిలోని పటాన్ని బోర్లించింది.

“రేపు ఇది తీసుకుపో వదినా. వాడి పేరు, వాడి రోజు, ఆ డ్రమ్ము పేరు, అన్నీ ఫోటో కడుపులోనే ఉండాలి. అచ్చు వేస్తే కిందా ఉండాలి. ఎవడూ తోలు ఒలుచుకుపోకుండా. నేను వచ్చి పొద్దున చెప్పింది తప్పని చెబుతాను.”

“లిందౌరా, నన్ను...” జెనివాల్ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. “నాకు తెలియదే. చంపుతుందని తెలిస్తే తెస్తానా?”

“తెలియదు. తెచ్చినప్పుడు నీకు తెలియదు.” ఆమె లేచి నిలబడింది. “ఎప్పుడు తెలిసింది?”

అతను తెరవైపు వీపు తిప్పాడు.

“పోనీ ఇది చెప్పు. లారీ వచ్చినప్పుడు మన డ్రమ్ము వాళ్లకివ్వలేదు నువ్వు. సమాధిచేసి వచ్చేసరికే అది ఇంట్లో లేదు. పారేశానన్నావు. ఎక్కడ పారేశావు?”

“పారెయ్యలేదు.”

ముసలాయన ఉయ్యాల ఆగిపోయింది.

“గుడ్డ లేదు, పుర్రె నీ కంట పడుతుందని బయట పెట్టాను. జుల్మీరా తనకి డ్రమ్ము లేదంటే... అప్పటికి నాకింకా ఏమీ తెలీదు... ఆ బొమ్మ కనపడకుండా తెల్లరంగు వేసి ఇచ్చాను. తర్వాత తెలిశాక అడగడానికి మొహం చెల్లలేదు. అడిగితే ఎందుకని అడుగుతుంది కదా.”

జుల్మీరా దామియావ్‌కి జ్ఞానతల్లి, జ్ఞానస్నానంనాడు వాణ్ని ఎత్తుకున్న మనిషి. వీధికి అవతలి ఇల్లే. మొన్న మొన్ననే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. పాలు పడక డబ్బాపాలు పడుతున్నారు.

లిందౌరా చెప్పులు లేకుండానే వీధిలోకి ఉరికింది. కాళ్లు కాలుతున్నా ఆగలేదు. “జుల్మీరా! ఆ చెంబు కింద పెట్టు! జుల్మీరా!” ఎండకు వేసిన కిటికీ తలుపులు తెరుచుకోలేదు. లోపల పిల్ల ఏడుపు వినపడుతోంది. ఏడుపు వినపడటమే మేలు అనుకుంది లిందౌరా. రెండు చేతులతో తలుపు బాదుతోంది.

బర్రేరో జనమా, మీ మాటేమిటి? రేపటి విచారణ రేపు చూద్దాం. మీ వంటింట్లో రంగు వేసిన డ్రమ్ము ఏదైనా ఉందా? ఎవరిచ్చారో, ఎంత ప్రేమగా ఇచ్చారో చూడొద్దు. లేవండి. గోటితో ఆ రంగు గోకండి. కింద పుర్రె కనిపిస్తే, ఆ నీళ్ల కోసం మీరు ఎంత దూరం నడిచినా సరే, పారబొయ్యండి. డ్రమ్ము మాత్రం ఎవరికీ ఇవ్వకండి, దాచండి. రేపు చర్చి హాల్లో ఆ వకీలు ముందు దొర్లిద్దాం. ముందు ఆ నీళ్లు. ఇప్పుడే.